స్క్వాష్ క్యాసరోల్: నీరు ఊరకుండా, గుడ్డు విరగకుండా

స్క్వాష్ క్యాసరోల్ అంటే గుమ్మడి జాతికి చెందిన స్క్వాష్ కాయల్ని లోతైన గిన్నెలో సర్ది ఒవెన్‌లో చేసే వంటకం. దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ. కూరగాయ, ఉల్లి, చీజ్, గుడ్డు, పైన కరకరలాడే బిస్కెట్ పొడి. అయినా ఈ వంటకం మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే బాధ చెబుతున్నాయి: పైకి చూస్తే బాగానే ఉంది, గరిటె దించితే అడుగున నీళ్లు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం ఉన్నాం. భోజనంలో పక్కన వడ్డించుకునేలా స్క్వాష్ క్యాసరోల్ తేలిగ్గా ఎలా చేయాలి? కొలతలతో చెప్పండి.

జవాబు: ముందు కూరగాయ సంగతి. దీనికి తొక్క పలచగా, లేతగా ఉండే రకాలే కావాలి. పసుపు స్క్వాష్, ఆకుపచ్చ జుకినీ రెండూ పనికొస్తాయి, రెండూ కలిపినా బాగుంటుంది. ఆరుగురికి 1 కిలో తీసుకోండి. దానితో పాటు ఒక పెద్ద ఉల్లిపాయ (సుమారు 150 గ్రాములు), రెండు వెల్లుల్లి రెబ్బలు, 50 గ్రాముల వెన్న, 2 గుడ్లు, 120 గ్రాముల చెడ్డార్ చీజ్, అర కప్పు సోర్ క్రీమ్ (పులిసిన చిక్కటి క్రీమ్), ఒక టేబుల్ స్పూన్ మైదా, అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ ఉప్పు, 80 గ్రాముల ఉప్పు బిస్కెట్లు. సోర్ క్రీమ్ లేకపోతే బట్టలో కట్టి నీరు వడకట్టిన గట్టి పెరుగు వాడండి. గిన్నె 20 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల లోతు ఉంటే సరిగ్గా సరిపోతుంది.

కాయల్ని కడిగి, తుడిచి, అర సెంటీమీటరు కంటే కాస్త మందంగా చక్రాల్లా తరగండి. మరీ పలచగా తరిగితే వేగేలోపే ముద్దయిపోతాయి. ముక్కలకు ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలేయండి. ఆ తర్వాత శుభ్రమైన బట్టలో వేసి అద్దండి. పిండితే ముక్కలు నలిగిపోతాయి.

వెడల్పాటి మూకుడులో 20 గ్రాముల వెన్న వేసి, ఉల్లి తరుగు మెత్తబడేదాకా అయిదు నిమిషాలు వేయించండి. వెల్లుల్లి తురుము వేసి అర నిమిషం కలిపి, అంతా పక్కకు తీసేయండి. అదే మూకుడులో స్క్వాష్ ముక్కల్ని రెండు విడతలుగా, మూత పెట్టకుండా, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాల చొప్పున వేయించండి. అడుగంటుతున్నట్టు ఉంటే రెండో విడతకు చెంచాడు నూనె వేసుకోవచ్చు. ఆపైన ఉల్లి, స్క్వాష్ కలిపి పది నిమిషాలు చిల్లుల గిన్నెలో ఆరబెట్టండి.

ఒక పెద్ద గిన్నెలో సోర్ క్రీమ్, మైదా ఉండలు కట్టకుండా కలిపి, గుడ్లు కొట్టి వేసి, మిరియాల పొడి, చీజ్‌లో మూడొంతులు కలపండి. గోరువెచ్చగా ఉన్న కూరని అందులో వేసి మెల్లగా కలిపి, వెన్న రాసిన బేకింగ్ గిన్నెలోకి సర్దండి. మిగిలిన చీజ్ పైన చల్లండి. బిస్కెట్లను చేత్తో నలిపి, కరిగించిన 30 గ్రాముల వెన్నతో కలిపి పైన పరవండి. ముందే 180 డిగ్రీలకు వేడెక్కించిన ఒవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. ఫ్యాన్ తిరిగే ఒవెన్ అయితే 160 చాలు. బయటికి తీశాక పది, పదిహేను నిమిషాలు ఆగి వడ్డించండి. ఈ ఆగడం వంటలో భాగమే. వెంటనే కోస్తే లోపలి పాకం ఇంకా బిగుసుకోక జారిపోతుంది.

ప్రశ్న: ఉప్పు వేసి అరగంట ఊరబెట్టాను, నీళ్లు వంపేశాను. అయినా అడుగున నీరు చేరింది. తప్పెక్కడ?

జవాబు: స్క్వాష్‌లో 94, 95 శాతం నీరే. అంటే కిలో కాయల్లో కిలోకి కాస్త తక్కువగా నీళ్లున్నట్టు. ఉప్పు లాగేది అందులో కొంతే. మిగతాది ముక్కల్లోనే ఉండిపోతుంది. వేడి తగిలి ముక్క మెత్తబడ్డప్పుడు అదంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. ఆ వేడి మూకుడులో తగిలిందా, ఒవెన్‌లో తగిలిందా అన్నదాన్ని బట్టే ఫలితం. మూకుడులో వస్తే ఆవిరై పోతుంది. ఒవెన్‌లో అయితే చుట్టూ గుడ్డు, చీజ్, పైన బిస్కెట్ పొర, ఎటూ పోలేక అడుగున చేరుతుంది.

కాబట్టి అసలు పని మూకుడు దగ్గరే. సాధారణంగా పొరపాటు మూడు చోట్ల జరుగుతుంది. కిలో ముక్కలూ ఒకేసారి వేయడం మొదటిది. ముక్క మీద ముక్క పడితే కింది వాటి ఆవిరి పై వాటికి తగిలి, కూర వేగే బదులు తన నీటిలో తాను ఉడుకుతుంది. త్వరగా మగ్గుతుందని మూత పెట్టడం రెండోది. మూత లోపలి చెమ్మ మళ్లీ కూరలోకే జారుతుంది. మూడోది సన్నని సెగ. దాని మీద నీరు ఊరుతూనే ఉంటుంది గానీ ఆవిరవదు. ముక్కల్ని నీళ్లలో ఉడకబెట్టే పద్ధతి కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. మా సలహా, అది వద్దు. ఉన్న నీరు చాలదన్నట్టు కొత్త నీరు చేర్చి, తర్వాత దాన్ని తీయడానికి అవస్థ పడటమే అవుతుంది.

ఎప్పుడు దించాలో చూసుకోవడానికి ఒక గుర్తు. మూకుడు మధ్యలో గరిటెతో ఒక గీత గీయండి. గీతలోకి వెంటనే నీరు చేరితే ఇంకా కావాలి. మూకుడు అడుగు రెండు మూడు సెకన్లు పొడిగా కనిపించి, చుట్టూ చిటపటల చప్పుడు సన్నబడితే అయినట్టే. ముక్కల అంచులు అక్కడక్కడా గోధుమ రంగు తిరుగుతాయి, మధ్యభాగం గాజులా కనిపిస్తుంది. వంటింట్లో తూకం ఉంటే ఇంకా తేలిక. కిలో ముక్కలు వేగి 600, 650 గ్రాముల దగ్గరికి రావాలి. 800 చూపిస్తుంటే మళ్లీ పొయ్యి ఎక్కించండి.

ఉప్పుతో ఊరబెట్టడం దండగని అనుకోకండి. అది వేయించే సమయం తగ్గిస్తుంది, ముక్క లోపలికి రుచి పట్టిస్తుంది. సమయం లేనప్పుడు మాత్రం దాన్ని వదిలేసి, మూకుడులో ఇంకో అయిదు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. అప్పుడు ఉప్పు అర టీస్పూన్‌తో సరిపెట్టి, దించే ముందు వేయండి.

ఇప్పటికే నీరూరిన క్యాసరోల్ చేతిలో ఉంటే, ఒక మూలన కాస్త తొలిచి, గిన్నెను అటు వంచి, చేరిన నీటిని చెంచాతో తీసేయండి. తర్వాత మూత లేకుండా 180 డిగ్రీల్లో మరో పది నిమిషాలు. నీరు పీలుస్తుందని పైన మైదా చల్లితే పచ్చిపిండి వాసన వస్తుంది.

ప్రశ్న: నీరు లేదు గానీ, లోపల గుడ్డు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అయింది. పైన నూనె కూడా తేలింది.

జవాబు: రెండూ వేడి ఎక్కువైనందువల్లే, కారణాలు మాత్రం వేరు.

క్రీమ్ కలిసిన గుడ్డు మిశ్రమం సుమారు 75 నుంచి 80 డిగ్రీల దగ్గర మెత్తగా గట్టిపడుతుంది. 85 దాటాక గుడ్డులోని మాంసకృత్తులు మరీ బిగుసుకుపోయి, తమలో పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. అవే మీరు చూసిన పలుకులు. ఒక టేబుల్ స్పూన్ మైదా చెప్పింది చిక్కదనం కోసం మాత్రమే కాదు. పిండిపదార్థం మధ్యలో అడ్డుపడి గుడ్డు అంత గట్టిగా ముడుచుకోకుండా ఆపుతుంది. మైదా బదులు రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ వేసినా అదే పని చేస్తుంది. వెన్న తీసేసిన పలచటి పెరుగు వాడితే విరిగే అవకాశం ఎక్కువ. కొవ్వు ఉన్న పెరుగే తీసుకోండి.

పొయ్యి మీంచి దించిన కూరని పొగలు కక్కుతుండగానే గుడ్డులో కలిపినా ఇదే జరుగుతుంది. గిన్నె ఒవెన్‌లోకి వెళ్లకముందే గుడ్డు తీగలు కడుతుంది. వేలు పెడితే ఓర్చుకోగల వేడికి కూర దిగాకే కలపండి.

ఒవెన్‌లోంచి తీయాల్సిన సమయం గడియారం కంటే గిన్నె బాగా చెబుతుంది. గిన్నెను కాస్త కదిపితే అంచులు కదలకుండా, నడిమి మూడు వేళ్ల మేర మాత్రం జున్నులా సన్నగా వణకాలి. నీళ్లలా కదిలితే ఇంకా కాలేదు, అసలు కదలకపోతే ఎక్కువైంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 75 చూపించగానే తీసేయవచ్చు. గుడ్డు వంటకం 71 డిగ్రీలు చేరితే తినడానికి క్షేమం, కాబట్టి భయపడాల్సింది లేదు.

ఇక తేలిన నూనె చీజ్‌ది. బాగా పాతబడిన గట్టి చీజ్ ఎక్కువ వేడికి కొవ్వును విడిచేస్తుంది. మధ్యస్థంగా పాతబడిన చెడ్డార్ దీనికి బాగా కుదురుతుంది. ప్యాకెట్‌లో తురిమి వచ్చే చీజ్‌కి అతుక్కోకుండా బంగాళాదుంప పిండో, సెల్యులోజ్ పొడో పట్టించి ఉంటుంది. అది నున్నగా కరగదు. ముక్క కొని ఇంట్లో తురుముకుంటే తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

ప్రశ్న: పైన వేసిన బిస్కెట్ పొడి ఒకసారి మెత్తబడింది, ఇంకోసారి మాడింది.

జవాబు: మెత్తబడితే ముందే చల్లి పెట్టి ఉంటారు, లేదా వెన్న సరిపడా పట్టి ఉండదు. పొడికి వెన్న అంతటా పట్టితే కింద నుంచి వచ్చే చెమ్మ తొందరగా లోపలికి దిగదు. అందుకే కరిగించిన వెన్నతో కలిపాకే వేయాలి, పైన చుక్కలుగా పెడితే సగం పొడి ఎండుగానే మిగులుతుంది. బిస్కెట్లను మిక్సీలో పిండి చేయకండి. బఠాణీ గింజంత పలుకులు కొన్ని, రవ్వలా ఉన్నది కొంత ఉండాలి. మెత్తటి పిండి తడి పీల్చి అట్టలా తయారవుతుంది. గిన్నెను ఒవెన్‌లో పెట్టే నిమిషంలోనే పరవండి, బయటికి తీశాక మూత పెట్టకండి.

మాడటానికి కారణం గిన్నె పై కడ్డీకి దగ్గరగా ఉండటం. మధ్య అరలో పెట్టండి. ఇరవై నిమిషాలకే రంగు వచ్చేస్తే అల్యూమినియం రేకు వదులుగా కప్పండి, అంచులు నొక్కేస్తే ఆవిరి లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: మేం గుడ్డు తినం. గుడ్డు లేకుండా కుదురుతుందా?

జవాబు: చక్కగా కుదురుతుంది. కేక్‌లా ముక్కలుగా కోయడానికి రాదు, చెంచాతో వడ్డించుకోవాలి, అంతే తేడా. గుడ్లు, సోర్ క్రీమ్, టేబుల్ స్పూన్ మైదా మూడూ మానేసి తెల్ల సాస్ చేసుకోండి. 30 గ్రాముల వెన్న కరిగించి, 30 గ్రాముల మైదా వేసి, రంగు మారకుండా రెండు నిమిషాలు వేయించండి. 300 మిల్లీలీటర్ల పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికించండి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. పొయ్యి ఆపాకే చీజ్ కలపండి. వేగిన కూర అందులో వేసి, మిగతాదంతా మామూలే. ఒవెన్‌లో 20, 25 నిమిషాలు చాలు, అంచుల వెంట బుడగలు వస్తే అయిపోయినట్టే.

దీనికి కూర ఇంకా పొడిగా వేగాలి. గుడ్డు కాస్త నీటిని పట్టి ఉంచుతుంది, సాస్‌కి ఆ శక్తి తక్కువ. పావు కప్పు నీరు కలిసినా పలచబడి మజ్జిగలా తయారవుతుంది.

ప్రశ్న: ఒకసారి కూర చేదుగా వచ్చింది. చీజ్ ఎక్కువ వేస్తే పోతుందా?

జవాబు: పోదు, ఆ కూర తినకూడదు కూడా. దయచేసి ఈ జవాబు ఇంట్లో వంట చేసే అందరికీ చెప్పండి.

స్క్వాష్ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలు ఉంటాయి. తినడానికి పండించే రకాల్లో అవి దాదాపు లేనంత తక్కువ. అయితే అప్పుడప్పుడు ఒక కాయలో బాగా ఎక్కువగా తయారవుతాయి. అలంకారానికి పెంచే గుమ్మడి రకాలతో పరాగసంపర్కం జరిగిన గింజలు దాచి మళ్లీ నాటితే ఆ మొక్క కాయల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఇలాంటి కాయ తింటే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒక్కోసారి తీవ్రంగా ఉంటాయి. ఉడికించినా, వేయించినా ఆ చేదు పదార్థం పోదు. చీజ్, క్రీమ్ చేదును కొంత మరుగుపరుస్తాయి, అదే అసలు ప్రమాదం. తెలియకుండా ఎక్కువ తినేస్తారు.

తరిగేటప్పుడే ప్రతి కాయ నుంచీ ఒక చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి చూడండి. మామూలు కాయ చప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. చేదనిపిస్తే మింగకుండా ఉమ్మేసి, ఆ కాయ మొత్తం పారేయండి. చేదు కాయ అప్పటికే మిగతావాటిలో కలిసిపోతే అన్నీ పారేయడమే మంచిది. చేదు కూర తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం తిన్నారో చెప్పండి.

ప్రశ్న: తొక్క తీయాలా? గింజలు తీయాలా?

జవాబు: జానెడు లోపు లేత కాయలకు రెండూ అక్కర్లేదు. తొక్క ఉంటేనే ముక్క రూపు నిలుస్తుంది. గోరు గుచ్చితే తొక్కలోకి దిగని ముదురు కాయలైతే తొక్క చెక్కి, నిలువుగా చీల్చి, నడిమి గుజ్జును చెంచాతో గీకేయండి. బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకో పావు కిలో ఎక్కువ తీసుకోండి.

ప్రశ్న: పన్నెండు మందికి చేయాలి, అదీ ముందురోజే సిద్ధం చేసుకోవాలి. ఎలా?

జవాబు: అన్నీ రెట్టింపు చేసి, 23 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల పొడవున్న గిన్నెలో సర్దండి. చిన్న గిన్నెలో లోతుగా నింపితే అంచులు విరిగిపోయినా నడిమి భాగం పచ్చిగానే ఉంటుంది. మందం నాలుగు సెంటీమీటర్లు దాటనివ్వకండి. సమయం ఓ పది నిమిషాలు పెరుగుతుంది. మూకుడులో వేయించడం మాత్రం నాలుగు విడతలుగానే, ఇక్కడ తొందరపడితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ముందురోజు చేయాల్సింది కూర వేయించి, ఆరబెట్టి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టడం వరకే. రాత్రంతా ఉన్నాక అడుగున రెండు మూడు చెంచాల నీరు చేరుతుంది, పొద్దున దాన్ని వంపేయవచ్చు. అన్నీ కలిపి పెట్టేస్తే ఆ నీరు గుడ్డులో కలిసిపోతుంది. బిస్కెట్ పొడి విడిగా డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను నేరుగా వేడి ఒవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. చల్లటి కూరతో చేస్తే బేకింగ్‌కు అయిదు నుంచి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. తినేముందు లోపలిదాకా 74 డిగ్రీలు వచ్చేలా ఒవెన్‌లోనే వేడిచేయండి, మైక్రోవేవ్‌లో పైపొర మెత్తబడిపోతుంది. గడ్డకట్టించి దాచడం మేం సిఫారసు చేయం. కరిగాక ముక్కలు మళ్లీ నీరు వదులుతాయి, సోర్ క్రీమ్ విరిగిపోతుంది.

ప్రశ్న: ఉప్పు ఎప్పుడూ ఎక్కువవుతోంది.

జవాబు: ఊరబెట్టిన ఉప్పు, చీజ్, బిస్కెట్లు, అంటే మూడు చోట్ల నుంచి ఉప్పు వస్తోంది. ఊరబెట్టాక వచ్చిన నీటితో కొంత పోతుంది, కొంత ముక్కల్లోనే మిగులుతుంది. వేగిన ముక్క ఒకటి రుచి చూడండి. దానికదే తినగలిగేంత ఉప్పు ఉంటే గుడ్డు మిశ్రమంలో ఇంకేమీ వేయకండి. మరీ ఉప్పగా ఉంటే పైపొరకు ఉప్పు బిస్కెట్ల బదులు ఎండు రొట్టెపొడి వాడండి.

ప్రశ్న: ఒవెన్ లేదు. పొయ్యి మీద కుదురుతుందా? ఎయిర్ ఫ్రయర్‌లో?

జవాబు: పొయ్యి మీద అయితే మందపాటి అడుగున్న వెడల్పు మూకుడు తీసుకుని, పైన చెప్పిన తెల్ల సాస్ పద్ధతి పాటించండి. గుడ్డు మిశ్రమం కింది సెగకు అడుగంటి, పైన పచ్చిగా మిగులుతుంది. కూర, సాస్, చీజ్ కలిపి సన్నని సెగ మీద అయిదారు నిమిషాలు ఉంచితే చాలు. బిస్కెట్ పొడిని వేరే పెనంలో వెన్నతో దోరగా వేయించి, వడ్డించేటప్పుడు పైన చల్లండి. నిజానికి ఇందులో కరకర ఎక్కువసేపు నిలుస్తుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో పట్టే 15 సెంటీమీటర్ల గిన్నెకు సగం కొలతలు సరిపోతాయి. గాలి వేగానికి పొడి ఎగిరి మాడుతుంది కాబట్టి, ముందు పొడి లేకుండా, రేకు గట్టిగా కప్పి 160 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచండి. తర్వాత రేకు తీసి, వెన్నతో కలిపిన పొడి పరిచి, చేత్తో మెల్లగా అదిమి మరో అయిదారు నిమిషాలు. నడిమి భాగం ఎలా వణుకుతోందో చూసే దించండి, అవసరమైతే రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లండి.

ప్రశ్న: క్యాసరోల్ అంటే రొట్టెలు వేడిగా ఉంచుకునే మూత డబ్బా కదా? అందులోనే చేయాలా?

జవాబు: కాదండీ. ఆ డబ్బాను ఒవెన్‌లో పెట్టనేకూడదు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. వంటకానికి ఈ పేరు అందులో వండే లోతైన బేకింగ్ గిన్నె నుంచి వచ్చింది. ఒవెన్ వేడికి తట్టుకుంటుందని అడుగున రాసి ఉన్న గాజు, పింగాణీ, లేదా స్టీలు గిన్నె ఏదైనా వాడవచ్చు. లోహపు గిన్నెలో అంచులు త్వరగా గట్టిపడతాయి. అయిదు నిమిషాల ముందే ఒకసారి కదిపి చూసుకోండి.